రెండు పాత కార్డులు కలిపితే కొత్త కార్డు అవుతుందా?

ఇంజినీరింగ్ అడ్మిషన్లు అయిపోయి పిల్లలు కంప్యూటర్లు కొనుక్కునే రోజులు వచ్చాయంటే నెల్లూరు, కావలి, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో కంప్యూటర్ తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుల గురించి ఒక మెసేజ్ మళ్లీ తిరుగుతుంది. దాని సారాంశం ఇది: "కొత్త గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు తగలేయకండి. సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 580 అనే ఏఎండీ కంపెనీ పాత కార్డులు రెండు తెచ్చి జత చేయండి. స్పీడు డబుల్, మెమరీ 8 ప్లస్ 8 కలిపి 16 జీబీ, ఖర్చు సగం. ఈ కిటుకు తెలిస్తే కొత్త కార్డులు అమ్ముడుపోవని కంపెనీలు దాచేశాయి. గేములకే కాదు, త్రీడీ పనికీ ఇదే బెస్ట్." అమ్మానాన్నలు అప్పోసప్పో చేసి ఇచ్చిన డబ్బును పిల్లలు ఈ మాట నమ్మి పోగొట్టుకుంటుంటే చూడలేకపోతున్నాను. అందుకే ఒక్కో మాటా తీసుకుని చెబుతాను.

ముందు స్పీడు సంగతి. రెండు కార్డులను కలిపి ఆడించే పద్ధతి ఒకప్పుడు నిజంగానే ఉండేది. ఎన్విడియా 2004లో ఎస్ఎల్ఐ పేరుతో, తర్వాత ఏఎండీలో కలిసిపోయిన ఏటీఐ 2005లో క్రాస్‌ఫైర్ పేరుతో దాన్ని తెచ్చాయి. తెర మీద ఒకదాని వెంట ఒకటి వచ్చే ఒక్కో బొమ్మనూ ఫ్రేమ్ అంటారు. ఎక్కువగా పని ఇలా పంచేవారు: ఒకటో ఫ్రేమ్ ఒక కార్డు గీస్తుంది, రెండోది పక్క కార్డు, మూడోది మళ్లీ మొదటి కార్డు. ఏ ఫ్రేమ్‌కు ఆ ఫ్రేమ్ విడిగా ఉన్నంత కాలం ఇది బాగానే నడిచింది. ఇప్పటి గేములు అలా లేవు. అంచులు నున్నగా కనబడటానికి వాడే టీఏఏ అయినా, డీఎల్ఎస్ఎస్ 2, ఎఫ్ఎస్ఆర్ 2 లాంటి, చిన్న సైజులో గీసిన బొమ్మను పెద్దది చేసే పద్ధతులైనా వెనకటి ఫ్రేముల సమాచారాన్ని వాడుకుని కొత్త ఫ్రేమ్‌ను తయారు చేస్తాయి. ఆ వెనకటి ఫ్రేమేమో పక్క కార్డులో ఉంది. అది ఇటు వచ్చేదాకా ఈ కార్డు ఆగాల్సిందే. ఇక లాభమేముంది?

డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ అనే, గేములు కార్డుతో మాట్లాడటానికి వాడే సాఫ్ట్‌వేర్లు వచ్చాక ఇంకో మార్పు జరిగింది. అంతకుముందు రెండు కార్డుల మధ్య పని పంచే బాధ్యత డ్రైవర్‌ది, అంటే కార్డును నడిపించే కంపెనీ సాఫ్ట్‌వేర్‌ది. ఇప్పుడు ఆ పని గేమ్ తయారు చేసేవాళ్లే రాసుకోవాలి. రాసినవాళ్లు చాలా తక్కువ. వాళ్లు రాయని గేములో రెండో కార్డుకు చేయడానికి పనే ఉండదు. మీరు దానికి పెట్టిన డబ్బంతా క్యాబినెట్‌లో ఊరికే పడి ఉంటుంది.

పాత గేముల్లో రెండూ కలిసి పనిచేసినా స్క్రీన్ మీద కనబడే అంకెను నమ్మలేం. ఒక ఫ్రేమ్ 5 మిల్లీసెకన్లకు, తర్వాతిది 28కి, మళ్లీ 5కి, మళ్లీ 28కి వచ్చిందనుకోండి. సగటు 16.5, అంటే కౌంటర్‌లో సెకనుకు 60 ఫ్రేములు చూపిస్తుంది. కంటికి మాత్రం 35 ఫ్రేముల గేము ఆడినట్టే ఉంటుంది. దీన్నే మైక్రో స్టట్టర్ అంటారు. మెసేజ్‌తో పాటు తిరిగే స్క్రీన్‌షాట్లలో ఇది కనబడదు, ఆడితేనే తెలుస్తుంది.

పోనీ, స్పీడు అచ్చంగా రెండింతలే అయిందనుకుందాం. 2023లో వచ్చిన ఎన్విడియా కార్డు ఆర్‌టీఎక్స్ 4060 ఒక్కటే దాదాపు రెండు 580ల పని చేస్తుంది. పైగా 580లో రే ట్రేసింగ్ హార్డ్‌వేర్, అంటే వెలుతురు ఎటు పోతుందో లెక్కగట్టి నీడలు, ప్రతిబింబాలు గీసే భాగం లేదు. 'డూమ్: ది డార్క్ ఏజెస్' లాంటి గేములకు అది తప్పనిసరి. అది లేని కార్డులు రెండు కాదు, నాలుగు పెట్టినా వచ్చేదేమీ లేదు.

మెమరీ లెక్క శుద్ధ తప్పు. గేములో కార్డులు రెండూ ఒకే సీన్ గీస్తాయి కాబట్టి ఒకే టెక్స్చర్లు (వస్తువుల మీద అతికించే బొమ్మలు) రెండింటిలోనూ ఉండాలి. ఒకే టెక్స్ట్‌బుక్ రెండు కాపీలు కొంటే సిలబస్ పెరగదు కదా. 8 ప్లస్ 8 ఇక్కడ 8 జీబీయే.

ఖర్చు సగం అన్న మాట దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే. మెసేజ్‌లో ఉన్నది కార్డుల ధర మాత్రమే. 580 ఒక్కోటి 185 వాట్లు లాగుతుంది, రెండింటికి 370. 4060కి 115 వాట్లు చాలు. రెండు 580ల లోడుకు మీ దగ్గరున్న మామూలు ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) ఆగదు, పెద్దది కొనాలి. రోజుకు నాలుగు గంటలు రెండు కార్డుల మీదా పూర్తి లోడు పడితే కరెంటు తేడా ఒక యూనిట్, నెలకు ముప్ఫై యూనిట్లు. కరెంటు పోయిందంటే ఇళ్లలో ఉండే చిన్న యూపీఎస్ ఈ భారాన్ని మోయలేదు. మదర్‌బోర్డులో రెండో పొడవాటి స్లాట్ ఉంది కదా అంటారు. తక్కువ ధర బోర్డుల్లో అది చూడటానికే పొడుగు, లోపల ఉండేది నాలుగు లేన్లే, అంటే డేటా వెళ్లే దారులు నాలుగే.

రెండు కార్డులు బిగించాక మధ్యలో వేలు పట్టేంత సందు కూడా మిగలదు. కింది కార్డు వదిలిన వేడిగాలినే పైది పీల్చుకుంటుంది. రోహిణి కార్తెలో మన జిల్లాల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఏసీ లేని గదిలో పై కార్డు కాసేపటికే వేడెక్కి తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది.

ఆ పాత కార్డులు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చూడండి. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ (కార్డులతో రాత్రింబవళ్లు లెక్కలు చేయించి డిజిటల్ కరెన్సీ సంపాదించడం) ఆగిపోయాక అందులో వాడిన కార్డులు కుప్పలుగా మార్కెట్లోకి వచ్చాయి. చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెచ్చుకున్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా అలాంటిది మీ చేతికి రావచ్చు. విప్పితే తెలిసిపోతుంది: చిప్పు వేడిని బయటికి పంపే పేస్ట్ ఎండి పొడి రాలుతుంది, అదే పనికి మెమరీ చిప్పుల మీద పెట్టిన ప్యాడ్‌ల నుంచి నూనె కారి బోర్డుకు అంటుకుని ఉంటుంది, ఫ్యాన్ రెక్క పట్టుకుంటే అటూ ఇటూ ఊగుతుంది. మైనింగ్ కార్డు ప్రతిదీ పాడైందని అనను. వారంటీ లేనిది ఒకటి కొనడమే రిస్కు అయితే రెండు కొనడం ఎందుకు?

కంపెనీలు దాచాయన్నది అన్యాయమైన మాట. 2021 జనవరి 1 నుంచి కొత్త ఎస్ఎల్ఐ ప్రొఫైళ్లు (ఏ గేములో రెండు కార్డుల మధ్య పని ఎలా పంచాలో డ్రైవర్‌కు చెప్పే సెట్టింగులు) ఇవ్వబోమని ఎన్విడియా 2020లోనే బాహాటంగా చెప్పింది. 2019లో ఏఎండీ తెచ్చిన ఆర్‌ఎక్స్ 5700లో క్రాస్‌ఫైర్ లేదు. కొత్త కార్డుల ధరల మీద కోపం ఉంటే అది న్యాయమైనదే, నాకూ ఉంది. ఆ కోపంతో పనికిరానిది కొనడం మాత్రం వద్దు.

రెండు కార్డులు నిజంగా ఉపయోగపడే చోట్లు ఉన్నాయి. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో, దాని సైకిల్స్ అనే భాగంతో బొమ్మను రెండర్ చేసేటప్పుడు (పూర్తి బొమ్మగా గీసేటప్పుడు) పని చక్కగా పంచుకుంటాయి. ఇంట్లోనే ఏఐ మోడల్ నడిపేవాళ్లు మోడల్ పొరలను రెండు కార్డుల్లో సర్దుకోవచ్చు, అక్కడ మెమరీ నిజంగానే కలుస్తుంది. కానీ త్రీడీ పనికని 580 తెచ్చుకుంటే లాభం లేదు. ఆ కార్డుతో సైకిల్స్ పనిచేయడానికి వాడిన ఓపెన్‌సీఎల్ అనే సాఫ్ట్‌వేర్ పద్ధతిని 2021 చివర్లో వచ్చిన బ్లెండర్ 3.0 తీసేసింది. అప్పటి నుంచి సైకిల్స్‌లో ఆ కార్డుతో రెండర్ కుదరదు.

ఇప్పటికే ఒక 580 ఉన్నవాళ్లు దానికి జత వెతకొద్దు. దాన్ని అమ్మి, రెండో కార్డుకు పెట్టాలనుకున్న డబ్బు కలిపి ఒకటే కొనండి. కొత్తది అందకపోతే 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 సెకండ్ హ్యాండ్‌లో చూడండి, 170 వాట్లతో సరిపోతుంది. డబ్బు ఇచ్చేముందు షాపులోనే బరువైన గేమో టెస్టో అరగంట నడిపించమనండి. స్క్రీన్ మీద రంగు చుక్కలు వచ్చినా, ఫ్యాన్ గరగరమన్నా తీసుకోవద్దు.