చెంచాకి 80, ట్యాంకర్లు 25

మా బావ తిరుపతిలో ప్లాట్లు అమ్మిస్తుంటాడు. గజాలు, సెంట్లు, అంకణాలు (మా వైపు అంకణమంటే 36 చదరపు అడుగులు) ఆయన నాలుక మీదే ఉంటాయి. అందుకే మేనకోడలి ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టులో లెక్కల పేజీ మిగిలిపోయిందని తెలియగానే, "ఇట్టియ్యి పాపా, యూనిట్లే గదా" అని కాగితం లాక్కున్నాడు.

ఆ పిల్ల రాయలచెరువులో 100 లీటర్ల నీళ్లు బకెట్‌తో తోడి, సన్నటి వలలో వడపోసి, మిగిలినదాన్ని 50 మిల్లీలీటర్లు చేసి, ఫార్మలిన్ కలిపి సీసాలో తెచ్చుకుంది. అందులోంచి 1 మిల్లీలీటరు గళ్ల స్లైడులో పోసి మైక్రోస్కోపు కింద లెక్కపెడితే సైక్లాప్స్ అనే సన్నటి నీటిపురుగులు 16 తేలాయి. ఇక ఘనపు మీటరు చెరువు నీళ్లకి ఎన్నో లెక్క కట్టాలి. నేనూ చూశాను. నెత్తిన ఒకటే కన్ను, ఆడదానికైతే వెనక రెండు పక్కలా గుడ్ల సంచులు.

బావకి వల సంగతీ, సీసా సంగతీ అనవసరం. మిల్లీలీటరుకి 16, ఘనపు మీటరుకి 10 లక్షల మిల్లీలీటర్లు, వెరసి 1 కోటి 60 లక్షలు. కోటి అన్నప్పుడు ఆయన మొహం చూడాలి. ఏ ప్లాటు మీదా అంత రాలేదు పాపం.

చెంచాడు నీళ్లకి 80 పురుగులని విని అక్క కాఫీ పెట్టడం మానేసింది. మన కుళాయిలో వచ్చేది ఆ చెరువు నీళ్లు కాదన్నా వినదు. జేజి మాత్రం, "నారికురుపు రోజుల్లో మేం బట్టలో వడగట్టుకునే తాగినాం" అంటూ పాత పంచె చింపి కుళాయికి కట్టేసింది. నిజమే, నారిపురుగు పిల్లలు సైక్లాప్స్ ఒంట్లో పెరిగాకే మనుషులకి చేరేవి. మన దేశానికి ఆ పీడ వదిలిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లోనే సర్టిఫికెట్ ఇచ్చింది. అయినా పంచె మాత్రం కుళాయిని వదల్లేదు.

గైడుగారు పెన్సిల్‌తో పక్కన రాసి పంపారు: "ఇది చెరువా, రాగిజావా?"

పిల్ల ఓపిగ్గా చెప్పింది. సీసా మొత్తంలో 800. అవి 100 లీటర్లలోవి. అంటే లీటరుకి 8.

"ముందే చెప్పొచ్చు గదా" అని బావ మళ్లీ పెన్ను తీశాడు. లీటర్లని ఘనపు మీటర్లు చేయాలంటే 1000తో భాగించాలి, కాబట్టి 0.008. ఈ లెక్కన 5,000 లీటర్ల ట్యాంకర్లు 25 తెప్పించి గాలిస్తే ఒక్క సైక్లాప్స్ దొరకాలి. అక్కకి ఈ లెక్క తెగ నచ్చింది. వెంటనే కాఫీ వచ్చింది.

"నాయనా, అడుగు వెయ్యి రూపాయలైతే అంకణం ఎంత?" అంది పిల్ల.

"36 వేలు." రెప్ప కూడా వేయలేదు.

"36తో భాగించలేదేం మరి?"

"భాగిస్తే నా కమీషన్..." అని ఆగిపోయాడు. కాసేపటికి 0.008 కొట్టేసి 8,000 అని వేశాడు, ఎవరూ చూడనట్టు.

ప్రాజెక్టు రెండో భాగం చెరువు అడుగున బురదలో ఉండే పురుగుల మీద. వాటిని చదరపు మీటరుకి ఇన్నని చెబుతారు. చదరం అనే మాట వినబడగానే బావ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఇప్పుడు గైడుగారి దగ్గరున్న కాపీలో రెండు గడులున్నాయి: చదరపు మీటరుకి ఎన్ని, అంకణానికి ఎన్ని. రెండో గడిలో వంక పెట్టడానికేం లేదు, 3.34తో సరిగ్గానే గుణించాడు.