డిక్కీలో దాల్చినచెక్క

బీరు గురించి మా తణుకులో ఒక్కటే ప్రశ్న. "చల్లగా ఉందా?" రుచీ, రంగూ, వాసనా ఎవరూ అడగరు. మే నెల ఎండలో సీసాకి చెమట పట్టి ఉంటే అది మంచి బీరు, లేకపోతే షాపువాడితో గొడవ. ఈ ఒక్క జ్ఞానాన్నీ వెంటబెట్టుకుని నేను డిసెంబరులో అమెరికాలోని క్లీవ్‌లాండ్ శివార్లలో ఉన్న, బీరు కాచే ఓ బుల్లి బ్రూవరీకి వెళ్ళాను.

అప్పటికి మా ఆవిడకి తొమ్మిదో నెల. పురుడు పోయడానికి అత్తయ్యగారు మర్నాడు మధ్యాహ్నం దిగుతున్నారు. ఆరు నెలల మకాం. పక్క అపార్ట్‌మెంట్ మిత్రుడు "ఇవాళ తప్పితే మళ్ళీ ఎండాకాలమే" అని నన్ను లేవదీశాడు. ఆయన చుక్క ముట్టడు. డ్రైవింగుకీ, ధర్మసందేహాలకీ వస్తాడంతే.

డిసెంబరొస్తే క్లీవ్‌లాండ్ మీద రెండు కురుస్తాయి. ఈరీ సరస్సు మీంచి మంచు, బార్లలో క్రిస్మస్ ఏల్ అనే మసాలా బీరు. శొంఠి, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, నారింజ తొక్క, తేనె... వీటిలో ఎవరికి తోచినవి వాళ్ళు వేసి కాస్తారు. కొన్ని బార్లలో గ్లాసు అంచుకి దాల్చినచెక్క పొడి కలిపిన పంచదార కూడా అద్దిస్తారు. నాకు మాత్రం ఆ జాబితా బీరులా వినపడలేదు. రంజాన్ ముందు రోజు కిరాణా చీటీలా వినపడింది.

చెక్కపలక మీద నాలుగు చిట్టి గ్లాసులు పెట్టి తెచ్చాడు కౌంటర్ కుర్రాడు. మూడింటికి నా దగ్గర మాటల్లేవు. నాలుగోది ఎర్రమట్టి నీళ్ళ రంగులో ఉంది. గుక్క వేశాను. ముందు తేనె, వెనక శొంఠి ఘాటు, ఆ వెనక లవంగం, చివర్లో బీరులో వేసే హాప్స్ పువ్వుల చేదు. బావుంది. నిజంగా బావుంది. కానీ గోరువెచ్చగా అనిపించింది. నోరూరుకోక "ఇంకాస్త చల్లటిది ఉందా?" అన్నాను.

కాఫీలో ఐసుముక్క అడిగితే మా మామ్మ ఎలా చూసేదో అలా చూశాడు కుర్రాడు. తర్వాత క్లాసు పీకాడు. ఇది ఏల్ అట. దీని ఈస్టు కాస్త వెచ్చగా ఉన్నచోట పని చేస్తుంది, మీ ఊళ్ళో తాగే లాగర్ రకం బీరుది చలిలో పని చేస్తుంది. చలికాలపు ఏల్‌ని పది పన్నెండు డిగ్రీల దగ్గర తాగాలి, మరీ చల్లబరిస్తే నాలుక మొద్దుబారి ఇంత మసాలా వేసీ దండగ. అక్కడితో ఆగలేదు. 1516లో బవేరియా పాలకులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప ఏమీ వేయకూడదని శాసనం చేశారట. అంటే ఈ గ్లాసులో ఉన్నది ఆ లెక్కన నేరమే. 1975లో శాన్‌ఫ్రాన్సిస్కోలో యాంకర్ అనే బ్రూవరీ క్రిస్మస్ ఏల్ మొదలుపెట్టి, ఏడాదికో పాకం, లేబుల్ మీద ఏడాదికో చెట్టు మారుస్తూ పోయిందట. అన్నీ శ్రద్ధగా విన్నాను. ఉష్ణోగ్రత సంగతి ఒక్కటే ఒంటబట్టలేదు.

గ్రౌలర్ ఒకటి నింపించుకున్నాను. 64 ఔన్సుల గోధుమరంగు గాజుసీసా, మన లెక్కలో రెండు లీటర్లకి కొంచెం తక్కువ. చెవికి వేలు దూర్చి పట్టుకుంటే పాలవాడి క్యానులా దర్జాగా ఉంటుంది.

దాన్ని ఇంట్లోకి తీసుకెళ్ళే వీలు లేదు. ఆ నెలల్లో మా ఆవిడ ముక్కు పోలీసు కుక్కలకి పాఠాలు చెప్పే స్థాయిలో ఉంది. మిత్రుడు కారు పెడుతూ "రాత్రికి మైనస్ పద్నాలుగట" అన్నాడు. నా బుర్రలో తణుకు మెరిసింది. ఇంకేం కావాలి? డిక్కీలోనే వదిలేస్తే ప్రకృతే ఫ్రిజ్జు. కరెంటు బిల్లు కూడా లేదు. వాతావరణం మనకి పనికొచ్చిన మొదటి రోజు అనుకుని హాయిగా పడుకున్నాను.

ఏడున్నర శాతం ఆల్కహాలున్న బీరు నీళ్ళలా సున్నా దగ్గర గడ్డకట్టదు, ఇంకో మూడు నాలుగు డిగ్రీలు కిందికి ఓపిక పడుతుంది. పద్నాలుగు డిగ్రీల ఓపిక దానికి లేదు. నీళ్ళు గడ్డకడితే నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతాయని ఎనిమిదో తరగతిలో చదివాను, మార్కులు కూడా వచ్చాయి.

మర్నాడు ఎయిర్‌పోర్టు ముందు డిక్కీ ఎత్తేసరికి గ్రౌలర్ నిలువునా చీలి ఉంది. లోపల గోధుమరంగు ఐసుదిమ్మ, చుట్టూ జిగురు. పక్కన కోతిటోపీ, శాలువా, రెండు చేతుల్లో రెండు ఇరవైమూడు కిలోల పెట్టెలతో అత్తయ్యగారు. వెనక "కదలండి, కదలండి" అంటూ పోలీసు. చలికి వాసన కూడా ముడుచుకుపోయి ఉంది, అదొక్కటే అదృష్టం. దిమ్మని మూలకి తోసి, పాత దుప్పటి కప్పి, పెట్టెలు పడేసి బయల్దేరాను.

మాది వెనక భాగం కూడా లోపలికే కలిసి ఉండే పెద్ద కారు. అత్తయ్యగారికి చలి. హీటరు పూర్తిగా తిప్పాను. పది నిమిషాలకి కారంతా పరిమళం.

"బాబూ, శొంఠి వాసన రావట్లా?"

"ఎక్కడండీ?"

"దాల్చినచెక్క కూడానూ." ఒక్క క్షణం ఆగి ఆవిడ గుండెల మీద చెయ్యేసుకున్నారు. "అయ్యో అయ్యో, కాయం సీసా పగిలిపోయింది! కారాపండి!"

కాయమంటే సామాన్యమా! పచ్చి బాలింతకి పెట్టే మందు. శొంఠి, పిప్పళ్ళు, ఇంకా ఏవేవో దంచి బెల్లం పాకంలో కుదిపి చేస్తారు. దీనికోసం ఆవిడ పదిహేను రోజులు రోలు వదల్లేదు. షికాగోలో కస్టమ్స్ వాళ్ళకి దాని గుణాలన్నీ తెలుగులో చెప్పి ఒప్పించి మరీ తెచ్చారు. అలాంటిదానికి "తర్వాత చూద్దాంలెండి" అని ఏ అల్లుడంటాడు?

పెట్రోలు బంకులో ఆపాను. మంచు పడుతూనే ఉంది. ఆవిడ డిక్కీలోనే పెట్టె తెరిచి ఆవకాయ పొట్లాలూ, అప్పడాలూ, పసిపిల్ల లంగోటాలూ ఒక్కొక్కటే నా చేతుల్లో పెడుతున్నారు. బంకుకొచ్చిన అమెరికా వాళ్ళు తమ పని మానేసి మమ్మల్ని చూస్తున్నారు. అట్టడుగున రెండు పాతచీరల మధ్య కాయం సీసా దొరికింది. చెక్కుచెదరలేదు. పెట్టె అడుగు మాత్రం తడిసి జిగురుగా ఉంది.

ఆవిడ వేలు పెట్టారు.

"వద్దండీ అత్తయ్యగారూ, అది..." అనేలోపు వేలు నాలిక్కి చేరింది.

కళ్ళు మూసుకున్నారు. "శొంఠి. దాల్చినచెక్క. లవంగం కాస్త ఎక్కువైంది. జాజికాయ ఉంది, పొదుపుగా వేశాడు. తేనె. చివర ఈ చేదేమిటి? కరక్కాయ కాదు, నేలవేమూ కాదు..." నిన్న ఆ కుర్రాడు అరగంట చెప్పినదంతా ఆవిడ ఒక్క చుక్కలో చెప్పేశారు. కళ్ళు తెరిచారు. "ఇది నా మందు కాదు. ఏం మందు బాబూ ఇది?"

నా జన్మలో నిజం ఇంత సులువుగా నోటికొచ్చిన సందర్భం లేదు.

"మందేనండీ" అన్నాను.

ఆవిడ ఇంకేం అడగలేదు. దుప్పటి అంచు కొంచెం ఎత్తి చూసి, మళ్ళీ కప్పేశారు. లంగోటాలు మడతపెట్టి, పెట్టె మూసి, కారెక్కి కూర్చున్నారు. నేను హీటరు తగ్గించాను, కిటికీ అంగుళం దించాను, రోడ్డు వంక తప్ప ఎటూ చూడలేదు. రెండు సిగ్నళ్ళు దాటాయి.

"మీ మామయ్యగారు" అన్నారు ఆవిడ మెల్లిగా, "ముప్ఫై ఏళ్ళు లవంగం నమిలి ఇంటికొచ్చారు బాబూ."

నేను మింగిన గుటక ఆవిడకి వినిపించే ఉంటుంది.

"ఈ దేశంలో ఆ శ్రమ కూడా లేకుండా అందులోనే వేసిచ్చేస్తున్నారన్నమాట."