దెయ్యం ఉండొచ్చు, మిరపకాయ ఉండకూడదు

దెయ్యం కలిసిన చారిత్రక ప్రేమ నవల చేతికొస్తే తిరుపతి పాఠకుడు మహా ఉదారుడు. 1513లో చంద్రగిరి కోట బురుజు మీద తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి నేలకు జానెడు ఎత్తున నడిచిపోయిందంటే, 'ఊఁ, తర్వాత?' అంటాడు. చచ్చి నూరేళ్ళయిన దండనాయకుడు గోడలోంచి బయటికొచ్చి ప్రేమలేఖ ఇచ్చి పోయాడంటే, లేఖలో ఏముందోనని గబగబా పేజీ తిప్పుతాడు. అదే తెల్లచీర మనిషి అదే రాత్రి వంటింట్లోకి పోయి పప్పులో నాలుగు పచ్చిమిరపకాయలు తుంచి వేసిందా, పుస్తకం మూసేస్తాడు. 'ఇదేం కతబ్బా, నమ్మేటట్టు లేదే' అంటాడు.

ఇది అన్యాయమని రచయితలు వాపోతుంటారు. అన్యాయమేమీ లేదు. దెయ్యానికి పుట్టిన తేదీ లేదు, మిరపకాయకు ఉంది. అది అమెరికా ఖండాల పంట, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశానికి దిగింది. వాస్కో డ గామా కాలికట్ చేరింది 1498లో. పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకున్నది 1510లో. మూడేళ్ళు తిరక్కుండా ఆ విత్తనం కనుమలు దాటొచ్చి, చంద్రగిరి పెరట్లో మొలిచి, పూసి, కాసి, నాయిక చేతికి అందిందంటే దెయ్యం కంటే అదే పెద్ద అద్భుతం. ఒక నవలకు ఒక అద్భుతమే చెల్లుతుంది. రెండోదానికి టోకెన్ లేదు.

కాబట్టి కాస్త అతీంద్రియం కలిసిన చారిత్రక ప్రేమ నవలను శాస్త్రోక్తంగా ఆస్వాదించదలచినవారు ముందు వంటింటి తనిఖీ చేయాలి. ప్రేమ సంగతి తర్వాత చూసుకోవచ్చు. మిరపతో పాటు టమోటా, ఉర్లగడ్డ, జీడిపప్పు, జామ, బొప్పాయి, మొక్కజొన్న, పొగాకు అన్నీ ఆ ఖండాల నుంచి వచ్చినవే. చెనిక్కాయ, అదే వేరుశనగ, కూడా. ఈ చివరి మాట చిత్తూరు జిల్లాలో కాస్త గొంతు తగ్గించి చెప్పాలి. చెనిక్కాయ లేదు, టమోటా లేదు, మిరపకాయ లేదు అంటే ఆ మూడూ నూరి చేసే ఊరిబిండి పచ్చడి లేదు. ఏనుగుల దళం ఉంది, కొలువులో కవులున్నారు, ఖజానాలో వరహాలు మూలుగుతున్నాయి, సంగటిముద్ద పక్కన పెట్టుకోడానికి ఇంత ఊరిబిండి లేదు. అంత సామ్రాజ్యం ఏలి ఏం సుఖపడ్డారో మరి.

ఉన్నవాటితోనూ మంచి రచయిత విందు పెట్టగలడు. రాగిసంగటి ఉంది. మిరియాలు, పిప్పళ్ళు, ఆవాలు, చింతపండు, ఉలవలు, వంకాయ, నెయ్యి, గడ్డపెరుగు ఉన్నాయి. కారమంటే మిరియమే. మిరపకాయ తన పేరు కూడా ఆ మిరియం దగ్గర అరువు తెచ్చుకున్నదే. ఇక గుడి సన్నివేశం రాగానే నాయకుడి చేతిలో లడ్డూ పెట్టేయకూడదు. తిరుమల శాసనాల్లో నైవేద్యాల పేర్లు అప్పపడి, అతిరసపడి, వడపడి, మనోహరపడి అని వరసగా కనబడతాయి. అతిరసమంటే మన అరిసెకు దగ్గరి చుట్టం. తుంచితే బెల్లం పాకం వేళ్ళకు అంటుకుంటుంది. ఆ జిగట వేళ్ళు ఇంకో చేతి వేళ్ళకు తగిలి, విడదీసుకోడానికి ఒక క్షణం ఎక్కువ పట్టిందంటే అరపేజీ శృంగారం ఒక్క ఉపమానం ఖర్చు కాకుండా గడిచిపోతుంది. లడ్డూతో ఇది కుదరదు, పొడి రాలుతుంది.

వంటిల్లు అయ్యాక జడ. నాయిక బంతిపూల దండ పెట్టుకుని కపిలతీర్థం మెట్లు దిగుతుంటే పాఠకుడి గుండె ఝల్లుమనడం సహజమే, అది వేరే కారణం వల్ల. బంతి మెక్సికో నుంచి వచ్చిన పువ్వు. మల్లె, సంపెంగ, మొగలి నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు. పైటకు పిన్ను పెట్టుకున్నట్టు రాస్తే మాత్రం ఆ పిల్ల 1849 దాకా ఆగాలి, సేఫ్టీపిన్నుకు పేటెంటు వచ్చింది ఆ ఏడే.

తేదీల దగ్గర రచయితలు జారిపడే మెట్టు ఒకటుంది. కృష్ణదేవరాయలు తిరుమలకు మొదటిసారి వచ్చింది 1513 ఫిబ్రవరి 10న. శకవర్షం కావాలంటే 78 తీసేయాలని బళ్ళో చెప్పారు గదా అని తీసేసి 1435 అని వేసేస్తారు. తప్పు. ఉగాది ఇంకా రాలేదు, కాబట్టి అది శక 1434, ఆంగీరస. అదే ఏడు మే 2న, జూన్ 13న ఆయన మళ్ళీ వచ్చాడు. అప్పటికి ఉగాది దాటింది, శక 1435, శ్రీముఖ. ఇదంతా చాదస్తం అనుకోకండి, ఇందులో ప్రేమకు పనికొచ్చే సంగతుంది. ఫిబ్రవరిలో మన తోటల్లో మామిడి పూతే ఉంటుంది. రాజుగారి పరివారంలో వచ్చిన రౌతు తోటలో పండు కోసి నాయికకు ఇవ్వాలంటే మొదటి రాకలో కుదరదు, మూడో రాక దాకా ఆగాలి. ఆ మధ్య నాలుగు నెలల విరహం రచయితకు ఉచితంగా దొరికింది. తేదీ శాసనం ఇచ్చింది, పండు ఋతువు ఇచ్చింది. ఇక తోట కాపలావాణ్ణి నిద్రపుచ్చడమొక్కటే రచయిత చేయాల్సిన పని. అదీ చేయలేక స్వప్నంలో కలుసుకున్నారని రాసేవాళ్ళున్నారు.

అన్నమయ్యను తెచ్చి పెట్టాలని ప్రతి రచయితకూ చేయి దురద పెడుతుంది. ఆయన 1503లోనే పరమపదించాడు. 1513లో ఆయన నాయికకు ఎదురుపడి శృంగార సంకీర్తన వినిపించాడంటే అది అతీంద్రియం పద్దులో రాసుకోవాలి. మీ కోటా అక్కడితో సరి.

చందమామ విషయంలో తిరుపతి పాఠకుడు మరీ కఠినుడు, ఎందుకంటే ఇంట్లో గోడకు పంచాంగం క్యాలెండరు వేలాడుతుంటుంది. పున్నమి చంద్రుడు పొద్దు గుంకే వేళకు లేస్తాడు. అక్కణ్ణుంచి రోజుకు రమారమి యాభై నిమిషాలు ఆలస్యం చేసుకుంటూ పోతాడు. కాబట్టి 'అర్ధరాత్రి కొండ వెనక నుంచి నిండు చంద్రుడు ఉదయించాడు, ఆమె నీడ నేల మీద పడలేదు' అని రాస్తే, నీడ పడకపోవడం మీద ఎవరికీ అనుమానం రాదు. చంద్రుడి మీదే వస్తుంది. అర్ధరాత్రి లేచే చంద్రుడు కావాలంటే బహుళ అష్టమి పెట్టుకోవాలి, సగం ముక్కతో సరిపెట్టుకోవాలి. నిజానికి దెయ్యానికి ఆ సగం వెలుగే నప్పుతుంది. ఇదే లెక్కన 'రెండు నిమిషాల్లో వస్తాను' అని ఎవరూ ఎవరికీ మాటివ్వకూడదు. ఘడియ అంటే 24 నిమిషాలు, జాము అంటే మూడు గంటలు. 'రెండు ఘడియల్లో వస్తా'నన్న ప్రియుడు ముప్పావుగంట దాటినా రాకపోతే తప్పు పట్టే హక్కు నాయికకు లేదు. సాయంత్రం చంద్రగిరిలో ఉన్న మనిషి సంధ్యాదీపం వేళకు కొండమీద ప్రత్యక్షం కావడం కూడా మనుషులకు చెల్లదు. కొండ కింద శ్రీవారి మెట్టుదాకా నడిచి, ఆ పైన ఈనాటి లెక్కకు 2,388 మెట్లెక్కి చూడండి, నాయకుడి నోట మాట కూడా రాదు, ప్రేమ భాషణ దేవుడెరుగు. దెయ్యం ఎక్కొచ్చు. దానికి ఆయాసం లేదు.

ఇంత గట్టి లెక్క ఎందుకంటే, దెయ్యం నిలబడ్డానికి గట్టి నేల కావాలి. చంద్రగిరి రాజమహల్ చూడండి. మూడంతస్తులు, కలప దూలం వేయకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. దూలాలు లేని ఇంట్లో రాత్రిపూట కిర్రుమని ఏదీ మోగదు. మామూలు రచయిత ఇది తెలియక తొలి అధ్యాయంలోనే పైకప్పు దూలాన్ని కిర్రుమనిపిస్తాడు. తెలిసిన రచయిత అక్కడ కిర్రుమనే చప్పుడు ఒక్కటి వినిపించి, 'ఈ ఇంట్లో కలప లేదు' అని మహల్ ఊడ్చే ముసలామె చేత అనిపిస్తాడు. చదివేవాడి వీపు మీద చెమట పడుతుంది. భయం సున్నంలోంచి రావాలి గానీ ఆశ్చర్యార్థకాల్లోంచి రాకూడదు.

మోతాదు మాట. అతీంద్రియం ఇంగువ లాంటిది. చారుకు కందిగింజంత. మూడువందల పేజీల నవలకు దెయ్యం వాసన నలభయ్యో పేజీలోపల తగలాలి, మొహం సగం దాటకముందు చూపకూడదు, పూర్తి జాతకం ఎప్పుడూ విప్పకూడదు. ఎక్కువ నవలలు ఇక్కడే చెడతాయి. ఒక రకం చేటు, విభూతి పూసుకున్న స్వామి ఒకాయన ఆఖర్లో దిగి గత జన్మల బంధుత్వాలన్నీ ఇరవై పేజీలు విడమరచడం. పెళ్ళిపత్రికలో కూడా అన్ని పేర్లుండవు. ఇంకో రకం చేటు దానికంటే దుర్మార్గం. శేషాచలం అడవిలో మూడు తరాలుగా తిరుగుతున్న మోహిని చివరి అధ్యాయంలో ఎర్రచందనం దొంగల ముఠా అని తేలుతుంది. భయపడినంతసేపూ భయపెట్టి, ఆఖరికి పోలీసు జీపు చూపించి పంపుతారు. దెయ్యాన్ని నమ్మి 280 పేజీలు కూర్చున్న మనిషిని అవమానించడమే ఇది.

దెయ్యం కలిపిన ప్రేమకథలు చవకబారువని ముక్కు విరిచే పెద్దలు, తిరుమల మహద్వారం దాటగానే కుడివైపు మండపంలో చేతులు జోడించి నిలబడ్డ రాగి విగ్రహాన్ని ఒకసారి తలెత్తి చూడాలి. క్యూలో తోపులాట వల్ల చాలామంది చూడరు. ఇటు తిరుమలదేవి, అటు చిన్నాదేవి, నడుమ రాయలు. యువరాజుగా ఉన్నప్పుడు ఒక వేశ్యను ప్రేమించి, రాజయ్యాక మాట తప్పకుండా పెళ్ళాడాడని, ఆమె పేరే చిన్నాదేవి అని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాసి పెట్టాడు. ఆ రాజు తనే ఒక ప్రేమకావ్యం రాశాడు. ఆముక్తమాల్యద. కృష్ణా తీరపు శ్రీకాకుళం ఆంధ్రవిష్ణువు కలలో కనబడి రాయమన్నాడన్నది మొదటి అతీంద్రియం. గోదాదేవి ప్రేమ సాగుతుండగా ఆరో ఆశ్వాసంలో మర్రిచెట్టు మీద నుంచి బ్రహ్మరాక్షసుడు దిగుతాడు. ఇదీ రెండోది. (ఒక పుస్తకానికి ఒక అద్భుతమే అన్న నియమం రాజులకు వర్తించదు. వాళ్ళది బ్రేక్ దర్శనం.)

ఆ దెయ్యాన్ని చూసి నేర్చుకోవాలి. దానికి పేరుంది, కుంభజానువు. పూర్వం సోమశర్మ అనే బ్రాహ్మణుడు, ఎలా ఆ గతి పట్టిందో కారణముంది. పొద్దు పోల్చుకోలేక చీకటితోనే గుడికి బయల్దేరి దారి తప్పిన మాలదాసరి దాని చేత చిక్కుతాడు. స్వామికి పాట పాడి తిరిగొస్తాను, అప్పుడు తిను అంటాడు. దెయ్యం నవ్వుతుంది, ఏ తిండి తన కాళ్ళ మీద తిరిగొస్తుందని. దాసరి తిరిగొస్తాడు. భయపెట్టేది కోరలు కావు, ఆ తిరిగి రావడం. ఇప్పటి నవలల్లో నాయకుడు కోట దాటాక వెనక్కి తిరిగి చూడడు, మాటిచ్చింది దెయ్యానికే కదా అని.

ప్రేమ గురించి తక్కువ చెప్తే చాలు. తిరుపతివాడికి ఎదురుచూడడం ఎవరూ నేర్పనక్కరలేదు. కంపార్టుమెంటులో గంటలకు గంటలు కూర్చుని, రెప్పపాటు దర్శనానికి 'జరగండి, జరగండి' అనిపించుకుని, ఆనందంగా బయటపడే జాతి. నూట యాభయ్యో పేజీలో చేయి తగిలి, రెండువందల పదిలో పేరు పెట్టి పిలిస్తే వాడికి చాలు. భాష మాత్రం చూసుకోవాలి. తిరుమల శాసనాల్లో ఎక్కువభాగం తమిళం. రాజు తుళువ వంశం, కొలువు హంపిలో. చంద్రగిరి పిల్ల, హంపి రౌతు ఇద్దరూ పరీక్ష రాసినట్టు ఒకే గ్రాంథికంలో 'ప్రాణేశ్వరా' అని పిలుచుకుంటే ఎట్ల? వాడి మాట ఆమెకు సగం అర్థం కావాలి, మిగిలిన సగం ఆమె ఊహించుకోవాలి. ప్రేమ పుట్టేది ఆ సగంలోనే.

చదివే విధానం. పగలు వద్దు, అర్ధరాత్రి కూడా వద్దు. రాత్రి భోజనమై, గిన్నెలు కడిగి బోర్లించాక, ఇంట్లో ఇంకెవరో ఒకరు మెలకువగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. పూటకు నలభై పేజీలు. దెయ్యం వచ్చిన పేజీ దగ్గర ఆపకూడదు, దాటి పది పేజీలు చదివి ఆపితే నిద్ర పడుతుంది. గుర్తుకు బస్సు టికెట్టు పెట్టుకోవాలి, పేజీ మడిస్తే లైబ్రరీవాళ్ళు పసిగడతారు. చివరి పేజీ ముందే చూసేవాళ్ళతో వాదన అనవసరం.

ఇన్ని నియమాలూ పాటించి ముందుకు పోతున్న పాఠకుడు ఎప్పుడో ఒకసారి ఆ పేజీకి వస్తాడు. 1513, బహుళ అష్టమి, సగం చంద్రుడు. పాడుబడ్డ వంటింట్లో రాతి రోలు దానంతటదే తిరుగుతుంటుంది. రౌతు గడప దగ్గర నిలబడి చూస్తుంటాడు. తెల్లచీర మనిషి వేయించిన చెనిక్కాయలు, కాల్చిన టమోటా, ఎండుమిరపకాయ, ఇంత చింతపండు, రెండు తెల్లగడ్డ పాయలు వేసి నూరి, వేడి సంగటిముద్ద పక్కన పెట్టి, 'తిను నాయనా, చల్లారిపోతాది' అంటుంది. పాఠకుడి వేలు పుస్తకం మూయబోయి ఆగుతుంది. వండింది దెయ్యం. రాబోయే నూరేళ్ళ పంటలోంచి గుప్పెడు కోసుకొచ్చిందేమో, ఎవరు చూడొచ్చారు? నెయ్యి వేసిందా లేదా అని పేజీ తిప్పుతాడు.