పక్క బెంచీ సమస్యకు శాశ్వత పరిష్కారం

పదో తరగతి పిల్లలకు స్నేహితులు కరువవుతున్నారని ఈమధ్య కొందరు పెద్దలు దిగులుపడుతున్నారు. ఇదేదో పొరపాటున జరిగిపోయిందన్న వారి అభిప్రాయం సరికాదనీ, ఏళ్ల తరబడి శ్రద్ధగా చేసిన కృషికి దక్కిన ఫలమనీ సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ పేరిట పునాదులు తవ్వేసిన చోట గోలీలాటకు గుంత ఎక్కడ మిగులుతుంది?

సెక్షన్లు మార్చే పద్ధతినే తీసుకోండి. వారాంతపు పరీక్షలో వచ్చిన మార్కులను బట్టి పిల్లవాణ్ని పై సెక్షన్‌కో కింది సెక్షన్‌కో పంపుతూ ఉండడంలోని దూరదృష్టిని చాలామంది తల్లిదండ్రులు గుర్తించనేలేదు. పక్కన కూర్చున్నవాడి ఇంటిపేరు తెలిసి, క్యారేజీలోని ఆవకాయ ముక్క అడిగే చనువు ఏర్పడే వేళకు ఇద్దరిలో ఒకడు అక్కడ ఉండడు. ముడే పడనప్పుడు తెగే బాధ ఎలాగూ ఉండదు. లెక్కల నోట్సు ఎవరడిగినా ఇవ్వకూడదన్న సంస్కారాన్ని ఇళ్లలోనే నేర్పిస్తున్నారు కాబట్టి బడి మీద భారం కూడా కొంత తగ్గింది.

సర్వోన్నత న్యాయస్థానానికి మాత్రం ఈ ఏర్పాటులోని అందం బోధపడినట్టు లేదు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణించిన కేసులో (ఇక్కడ వ్యంగ్యానికి నోరు పెగలదు) 2025 జులైలో తీర్పు చెబుతూ, 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరుండాలనీ, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో సిగ్గుపరచడం వీలైనంత వరకు మానుకోవాలనీ ఆదేశించింది. అందులో 'వీలైనంత వరకు' అన్న మాట దొరికిన నాటి నుంచి, ఎంత వరకు వీలుపడదో తేల్చే పనిలో మన యాజమాన్యాలు తలమునకలుగా ఉన్నాయి.

కౌన్సెలర్ విషయంలో మాత్రం జాప్యం జరగలేదు. సాంఘికశాస్త్రం మాస్టారికి వారానికి రెండు పీరియడ్లు ఖాళీ ఉన్నాయి. పిల్లల సాంఘిక సంబంధాలను ఆయన కాక మరెవరు చూడాలి? ప్రిన్సిపాల్ గదిలోంచి దారి ఉన్న స్టోర్ రూములో ఆయనకు ఒక కుర్చీ వేశారు. మనసు విప్పదలచిన విద్యార్థి ముందుగా ప్రిన్సిపాల్ గారికి నమస్కారం పెట్టి, పని ఏమిటో చెప్పి లోపలికి వెళ్లవచ్చు. ఇంతవరకు ఒక్కరూ రాలేదు కాబట్టి పిల్లలందరూ సంతోషంగా ఉన్నట్టు రికార్డుల్లో నమోదైంది.

హాస్టల్ గోడ మీద మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416ను పెద్ద అంకెల్లో రాయించారు. 2022లో మొదలైన ఈ ప్రభుత్వ సేవ రేయింబవళ్లు ఉచితంగా పలుకుతుంది. హాస్టల్లో ఫోన్ మాత్రం ఆదివారం పది నిమిషాలే, అదీ వార్డెన్ పక్కన నిలబడి ఉండగా పలుకుతుంది. కష్టాలు ఆదివారాలకు సర్దుకుని రావడం పిల్లలు ఇంకా నేర్చుకోవలసి ఉంది.

ఇంత చేసినా విమర్శలు ఆగకపోవడంతో, శనివారం చివరి పీరియడ్‌ను స్నేహానికి కేటాయించారు. స్నేహమన్నది సైకిల్ స్టాండు దగ్గర చైను ఊడినప్పుడో, ఇంటర్వెల్లో ఒకే జామకాయ ఇద్దరు కొరుక్కున్నప్పుడో, ఎవరూ లెక్కపెట్టని వేళల్లో దానంతట అదే పుడుతుందని నాబోటి పాతకాలం వాళ్లు అనవచ్చు. అయితే డ్రిల్ పీరియడ్‌ను భౌతికశాస్త్రానికీ, ఇంటర్వెల్లో సగాన్ని స్లిప్ టెస్టుకూ ఇచ్చేశాక అలాంటి వేళలు టైంటేబుల్లో కనబడవు.

మొదటి శనివారం ఒక ఫారం పంచారు. ప్రాణస్నేహితుడి పేరు, సెక్షన్, 600కు గత పరీక్షలో అతనికి వచ్చిన మార్కులు అని అందులో మూడు గడులున్నాయి. ఎక్కువమంది క్లాసు ఫస్టు కుర్రాడి పేరే రాశారు. ఆ కుర్రాడు మాత్రం చాలాసేపు కిటికీలోంచి చూసి 'గేటు దగ్గరి వాచ్‌మన్ తాత' అని రాశాడు. మిగిలిన రెండు గడులూ ఖాళీగా ఉన్నందున అతని ఫారాన్ని తిప్పి పంపారు.