కారణం రాయని బదిలీలు

హైకోర్టు న్యాయమూర్తుల నియామకాలు, బదిలీలు తేల్చే సుప్రీంకోర్టు సీనియర్ న్యాయమూర్తుల బృందమే కొలీజియం. దాని తీర్మానాలు చదివేవారికి ఆ మూస బాగా పరిచయం. ఫలానా న్యాయమూర్తిని ఫలానా హైకోర్టుకు ‘మెరుగైన న్యాయపాలన కోసం’ బదిలీ చేయాలని సిఫారసు చేస్తున్నామంటారు. అంతకుమించి ఒక్క ముక్క ఉండదు. 2025 అక్టోబర్ 14 నాటి తీర్మానంలో మాత్రం అలవాటులేని వాక్యం ఒకటి కనిపించింది. మధ్యప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ అతుల్ శ్రీధరన్‌ను ఛత్తీస్‌గఢ్‌కు పంపాలని ఆగస్టులో చేసిన సిఫారసును కొలీజియం మార్చుకుంది. ఆయనను అలహాబాద్ పంపాలంది. పునఃపరిశీలించాలని కేంద్ర ప్రభుత్వం కోరినందువల్ల ఈ మార్పు అని తీర్మానంలోనే రాసింది. ప్రభుత్వం ఎందుకు కోరిందో, కొలీజియం ఎందుకు సరేనందో రాయలేదు.

ఛత్తీస్‌గఢ్ వెళ్లి ఉంటే ఆయన, కొత్త న్యాయమూర్తుల పేర్లు సూచించే అక్కడి హైకోర్టు కొలీజియంలో కూర్చునేవారు. అలహాబాద్ దేశంలోకెల్లా పెద్ద హైకోర్టు, మంజూరైన పోస్టులే 160. అక్కడి సీనియారిటీ జాబితాలో ఆయన పేరు బాగా కిందకు పోతుంది. అంతకు అయిదు నెలల ముందు, కర్నల్ సోఫియా ఖురేషీ గురించి నోరు పారేసుకున్న రాష్ట్ర మంత్రిపై కేసు పెట్టాలని పోలీసులను ఆదేశించింది ఆయన ధర్మాసనమే. ఈ రెంటినీ ముడిపెట్టడానికి మా దగ్గర ఆధారమేమీ లేదు. కానీ మధ్యప్రదేశ్‌లో రేపు ఇలాంటి కేసే చేతికొచ్చే మరో న్యాయమూర్తి మాత్రం ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. కారణం చెప్పని బదిలీ చేసే చెరుపు అదే. బదిలీ అయ్యేది ఒక్కరే, హెచ్చరిక అందేది అందరికీ.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. హైకోర్టు న్యాయమూర్తులను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పంపే అధికారం రాజ్యాంగంలోని 222వ అధికరణం ఇస్తోంది. తొలి పాతికేళ్లలో దాన్ని ఆయుధంగా ఎవరూ వాడలేదు. ఎమర్జెన్సీలో వాడారు. నిర్బంధంలో ఉన్నవారి హెబియస్ కార్పస్ పిటిషన్లను (ఆ నిర్బంధం చట్టబద్ధమేనా తేల్చమనే అర్జీలను) వింటామని తొమ్మిది హైకోర్టులు ధైర్యంగా చెప్పిన రోజులవి. 1976లో ఏకంగా 16 మంది న్యాయమూర్తులను అటూ ఇటూ విసిరేశారు. పాత్రికేయుడు కుల్దీప్ నయ్యర్ నిర్బంధం చెల్లదన్న ఢిల్లీ న్యాయమూర్తుల్లో జస్టిస్ రంగరాజన్‌ను గువాహటి పంపారు. మన హైకోర్టులో ఉన్న జస్టిస్ ఒ. చిన్నపరెడ్డిని పంజాబ్-హరియాణాకు మార్చారు. గుజరాత్ నుంచి జస్టిస్ సంకల్‌చంద్ షేఠ్‌ను హైదరాబాద్ పంపితే, ఆయన వచ్చి బాధ్యతలు తీసుకుని మరీ ఆ ఉత్తర్వును కోర్టుకెక్కించారు.

ఆ కేసులో 1977లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పే ఇవాళ్టికీ పునాది. న్యాయమూర్తి సమ్మతి అక్కర్లేదని ముగ్గురు అన్నారు, కావాలని జస్టిస్ భగవతి, జస్టిస్ ఉంట్‌వాలియా అన్నారు. బదిలీ శిక్షగా ఉండకూడదని, ప్రజాప్రయోజనం కోసమే చేయాలని, ప్రధాన న్యాయమూర్తితో సంప్రదింపులు మొక్కుబడిగా ఉండరాదని మెజారిటీ తీర్పే షరతులు పెట్టింది. అన్నీ మంచి మాటలే. అయితే శిక్ష కాదని తేల్చుకోవాలంటే కారణం తెలియాలి కదా! ఆ ఒక్కదాన్ని అప్పుడూ తప్పనిసరి చేయలేదు, ఆ తర్వాతా చేయలేదు.

1981 నాటి మొదటి న్యాయమూర్తుల కేసులో పట్నా ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ కె.బి.ఎన్. సింగ్‌ను మద్రాస్ పంపడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రభుత్వం చేయి పైకి వచ్చింది. 1993 తీర్పుతో ఆ చేతిని వెనక్కి నెట్టి, నిర్ణయాన్ని న్యాయవ్యవస్థే తన గుప్పిట్లోకి తీసుకుంది. ప్రధాన న్యాయమూర్తి, ఆయన తర్వాతి నలుగురు సీనియర్లు కలిసి బదిలీలు తేల్చాలని 1998లో స్థిరపడింది. అధికారం చేతులు మారింది గానీ గది తలుపులు అలాగే మూసి ఉన్నాయి. కొలీజియం స్థానంలో తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను కొట్టేసిన 2015 తీర్పులో ఒంటరిగా విభేదించిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఎత్తిచూపింది ఈ గోప్యతనే. చర్చల వివరాలు నమోదు చేయని సమావేశాలకు రానంటూ మరుసటి ఏడాది ఆయన కొలీజియం భేటీలకే దూరంగా ఉండిపోయారు.

2017 అక్టోబర్ నుంచి తీర్మానాలను వెబ్‌సైట్‌లో పెడుతున్నారు. నియామకాల్లో కొన్నిసార్లు నాలుగు మాటలు రాస్తున్నారు కూడా. బదిలీల దగ్గరికొచ్చేసరికి మళ్లీ పాత పాటే. 2019లో మద్రాస్ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ తహిల్‌రమానిని మేఘాలయకు మార్చారు. 75 పోస్టులున్న కోర్టును నడుపుతున్న ఆమెను, న్యాయమూర్తులను వేళ్ల మీద లెక్కపెట్టగల కోర్టుకు ఎందుకు పంపుతున్నారో అర్థంకాక దుమారం రేగింది. ఆమె రాజీనామా చేశారు. అప్పుడు సుప్రీంకోర్టు తరఫున ఒక ప్రకటన వచ్చింది. బదిలీలకు బలమైన కారణాలున్నాయి, సంస్థ ప్రయోజనాల దృష్ట్యా వెల్లడించడం లేదు, అవసరమైతే వెల్లడించడానికి వెనకాడం అని దాని సారాంశం. కారణం ఉందని చెప్పి అదేమిటో చెప్పకపోవడం కంటే మౌనంగా ఉండటమే మేలు. ఇలాంటి ప్రకటన న్యాయమూర్తి మీద మచ్చ వేస్తుంది, దాన్ని తుడుచుకునే వీలు మాత్రం ఇవ్వదు.

ప్రభుత్వం పాత్ర ఎంతో చూడాలంటే జస్టిస్ ఎస్. మురళీధర్ ఉదంతం ఒక్కటి చాలు. ఢిల్లీ హైకోర్టు నుంచి ఆయనను పంజాబ్-హరియాణాకు పంపాలని కొలీజియం 2020 ఫిబ్రవరి 12న సిఫారసు చేసింది. ఢిల్లీ అల్లర్లు అప్పటికి మొదలే కాలేదు, కాబట్టి ఆ సిఫారసుకు అల్లర్ల కేసును అంటగట్టడం సరికాదు. అయితే కేంద్రం దగ్గర ఫైలు రెండు వారాలు కదల్లేదు. ఫిబ్రవరి 26న ఆయన ధర్మాసనం, విద్వేష ప్రసంగాలపై కేసులు ఎందుకు పెట్టలేదని పోలీసులను నిలదీసింది. ఆ రాత్రే కేంద్రం బదిలీ నోటిఫికేషన్ వెలువడింది. తర్వాత ఒడిశా ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ఆయనను మద్రాస్‌కు మార్చాలని 2022 సెప్టెంబర్‌లో కొలీజియం కోరితే, ఆ ఫైలు మీద కేంద్రం ఉలకలేదు, పలకలేదు. ఏడు నెలలు చూసి 2023 ఏప్రిల్‌లో కొలీజియమే సిఫారసును ఉపసంహరించుకుంది. న్యాయమూర్తి ఒకరే, ప్రభుత్వమూ ఒకటే. ఒకసారి రాత్రికి రాత్రి, మరోసారి ఎప్పటికీ కాదు. గడువు లేకపోవడంలో ఉన్న సౌలభ్యం ఇదే. జస్టిస్ అకిల్ ఖురేషీని మధ్యప్రదేశ్ ప్రధాన న్యాయమూర్తిని చేయాలన్న 2019 నాటి సిఫారసూ ఇలాగే నానింది, చివరికి కొలీజియమే వెనక్కి తగ్గి త్రిపుర అంది.

తెలుగు రాష్ట్రాలకు ఇది దూరపు కబురేమీ కాదు. 2020 అక్టోబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి జగన్ రాష్ట్ర హైకోర్టు తీరుపై ఫిర్యాదు చేస్తూ భారత ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాసి, దాన్ని బయటపెట్టారు. డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ జె.కె. మహేశ్వరిని సిక్కింకు మార్చాలని సిఫారసు వచ్చింది. ఆ ఫిర్యాదు వల్లే పంపారా, మామూలు మార్పుల్లో భాగంగానా? కొలీజియం చెప్పలేదు. బదిలీల్లో కాస్త పారదర్శకత కనిపించాలని అదే హైకోర్టుకు చెందిన జస్టిస్ రాకేశ్ కుమార్ పదవీ విరమణకు ముందురోజు ఉత్తర్వులోనే రాశారు. అవినీతిపై ఘాటైన ఉత్తర్వు ఇచ్చాక పట్నా నుంచి ఇక్కడికి బదిలీ అయి వచ్చిన న్యాయమూర్తి ఆయన! ఇంతలోనే, 2021 ఆగస్టులో, జస్టిస్ మహేశ్వరి సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. దేశంలోనే అత్యున్నత న్యాయస్థానానికి తగిన వ్యక్తి అమరావతిలో ఎందుకు ఉండకూడదో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. 2022 నవంబర్‌లో జస్టిస్ అభిషేక్ రెడ్డిని పట్నా పంపుతున్నారని తెలిసి తెలంగాణ హైకోర్టు న్యాయవాదులు విధులు బహిష్కరించారు. అదీ ఫలించలేదు.

బదిలీలే వద్దనడం మా ఉద్దేశం కాదు. తాను ఇరవై ఏళ్లు ప్రాక్టీసు చేసిన కోర్టులో, కొడుకో మేనల్లుడో నల్లకోటు వేసుకుని తిరుగుతున్నచోట న్యాయమూర్తిగా ఉండటం ఇబ్బందే. ‘అంకుల్ జడ్జి’ అన్న మాట బార్‌లో వాడుకలోకి ఊరికే రాలేదు. ఇలాంటి నియామకాలు వద్దని 2009లో లా కమిషన్ 230వ నివేదిక కూడా చెప్పింది. ప్రధాన న్యాయమూర్తులు బయటి రాష్ట్రాల నుంచి రావాలన్న విధానంలోనూ తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఒక నియమం ఉండి అది అందరికీ వర్తిస్తే ఎవరూ అనుమానపడరు. వందల మందిలో ఇద్దరినో ముగ్గురినో ఏరినప్పుడే గుసగుసలు మొదలవుతాయి.

ఆరోపణలున్న వారిని మార్చడం మరీ అన్యాయం. 2025 మార్చిలో ఢిల్లీలో జస్టిస్ యశ్వంత్ వర్మ నివాసంలో అగ్నిప్రమాదం తర్వాత నోట్ల కట్టల వ్యవహారం బయటపడితే, ఆయనను అలహాబాద్‌కు పంపాలన్నారు. మా కోర్టేమైనా చెత్తబుట్టా అని అక్కడి న్యాయవాదులు మండిపడ్డారు. ఆ కోపంలో న్యాయముంది. తప్పు చేసి ఉంటే ఏ హైకోర్టులోనూ ఉండకూడదు, చేయకపోతే ఊరు మార్చాల్సిన పని లేదు. అంతర్గత విచారణ కమిటీ వేశారు సరే, బదిలీని దానికి జోడించడం వల్ల మిగతా బదిలీలన్నింటికీ శిక్ష రంగు అంటింది.

ఈ గొడవంతా పెద్దల వ్యవహారమని కక్షిదారు అనుకోవడానికి లేదు. నెలల తరబడి వాదనలు విన్న న్యాయమూర్తి వెళ్లిపోతే సగం విన్న ఆ ‘పార్ట్ హర్డ్’ కేసు మళ్లీ మొదటికొస్తుంది. ఫీజు మళ్లీ, వాయిదాలు మళ్లీ. బయటి నుంచి వచ్చినవారికి పహాణీ నకలో, తెలుగులో ఉన్న వీలునామానో అనువాదం లేకుండా అర్థం కాదు. న్యాయపాలన మెరుగవుతుందని రాసేటప్పుడు ఈ నష్టాన్ని ఎవరైనా లెక్కలోకి తీసుకున్నారా?

నియామకాలకు, బదిలీలకు ఇప్పుడున్న విధివిధానాల పత్రం (మెమొరాండం ఆఫ్ ప్రొసీజర్) ప్రకారం రెండు హైకోర్టుల ప్రధాన న్యాయమూర్తుల అభిప్రాయాలు తీసుకోవాలి, బదిలీ అయ్యే న్యాయమూర్తి స్పందననూ ఆయన వ్యక్తిగత పరిస్థితులనూ చూడాలి. చేర్చాల్సింది పెద్దగా ఏమీ లేదు. బదిలీకి కారణాన్ని న్యాయమూర్తికి రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆయన జవాబుతో సహా దాన్ని రికార్డు చేయాలి. ప్రభుత్వం అభ్యంతరం చెబితే ఆ అభ్యంతరాన్నీ, దాన్ని ఒప్పుకోవడానికి కారణాన్నీ తీర్మానంలో ప్రచురించాలి. వివరాలను ఎవరికీ చూపకుండా కవర్లో పెట్టి సీలు వేసే ‘సీల్డ్ కవర్’ అనే రోగాన్ని ఇక్కడికి తేకుండా ఉంటే చాలు. సిఫారసు అందిన ఇన్ని వారాల్లోగా నోటిఫికేషన్ ఇవ్వాలని గడువు పెట్టాలి. నియామకాల ఫైళ్లకు 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే వారాల లెక్కన గడువులు చెప్పింది, బదిలీలకు చెప్పడానికి అడ్డేమిటి?

ఆ పత్రాన్ని సవరించమని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2015 డిసెంబర్‌లో కేంద్రానికి చెప్పింది. అప్పటి నుంచి ఇరుపక్షాలూ ఉత్తరాలు నడుపుకుంటూనే ఉన్నాయి. నియామకాల దగ్గర పేచీ తెగకపోతే బదిలీల భాగాన్ని విడదీసి ముందు దాన్నైనా ఖరారు చేయవచ్చు. అందుకు రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, పార్లమెంటులో బిల్లు అక్కర్లేదు. భారత ప్రధాన న్యాయమూర్తి, కేంద్ర న్యాయశాఖ మంత్రి ఒకచోట కూర్చుంటే అయ్యే పని.