క్రాయిడన్ 1924: తప్పంతా పైలట్‌దేనా?

1924 క్రిస్మస్ ముందురోజు లండన్ దగ్గరి క్రాయిడన్ నుంచి పారిస్‌కి బయల్దేరిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానం కూలిన సంగతి మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ "పైలట్ వేగం కోల్పోయాడు" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చలేదు.

అది డీ హావిలాండ్ కంపెనీ చేసిన డీహెచ్ 34 రకం విమానం, ఒకే ఒక్క నేపియర్ లయన్ ఇంజిన్. అది మొరాయిస్తే ఆదుకోవడానికి రెండోది లేదు. ఎత్తు చాలినంత లేదు, కింద క్రాయిడన్ దగ్గరి పర్లీ ఊరి ఇళ్లు. ఇంటిని తప్పించబోయి స్టాల్ అయిందని, అంటే వేగం తగ్గి రెక్కలు విమానాన్ని మోయలేకపోయాయని విచారణలో తేలింది. అలా రెక్కల మీద గాలి పట్టు తప్పాక అంత తక్కువ ఎత్తులో ఎవరికైనా తేరుకునే వ్యవధి ఉండదు. పైలట్‌తో పాటు ఏడుగురు ప్రయాణికులూ పోయారు.

మీరు వదిలేసిన సంగతి ఇంకొకటి: బ్రిటన్‌లో పౌర విమాన ప్రమాదంపై బహిరంగ విచారణ జరగడం అదే మొదటిసారి. ఆ తర్వాతే 1925లో క్రాయిడన్ విస్తరణకు చట్టం వచ్చింది. అప్పటిదాకా ఆ ఎయిర్‌పోర్టు మధ్యలోంచి మామూలు రోడ్డు పోయేది, విమానం వస్తే ఎర్రజెండా ఊపి బళ్లను ఆపేవారు! అలాంటి చోట ఒక్క ఇంజిన్‌తో జనాన్ని ఎక్కించినవాళ్ల గురించి కూడా రెండు వాక్యాలు రాయాల్సింది.