కాజ దగ్గర పరపతికి పట్టిన గతి

విజయవాడ, గుంటూరుల మధ్య పరపతి లేని మనిషిని వెతికి పట్టుకోవడం కష్టం. సొంతంగా లేకపోయినా, పరపతి ఉన్నవారి బావమరిదితో ఇంటర్ చదివైనా ఉంటాడు. తరతరాలుగా కూడబెట్టిన ఈ సంపదను ఫాస్టాగ్ అనే చిన్న స్టిక్కర్ మట్టిపాలు చేస్తుంటే మేధావులు నోరు విప్పకపోవడం విచారకరం.

పూర్వం కాజ టోల్‌ప్లాజా దగ్గర వ్యవహారం ఎంతో పద్ధతిగా నడిచేది. కారు ఆగేది. అద్దం దిగేది. "నేనెవరో తెలుసా?" అన్న ప్రశ్న వెలువడేది. బూత్‌లోని కుర్రవాడికి తెలియదు. తెలియజెప్పడానికి ఫోను తీసేవారు. అవతలి పెద్దమనిషి ఎప్పుడూ భోజనంలోనే ఉండేవారు. వెనక బండ్లు హారన్లు మోగిస్తుంటే, విసిగిపోయిన కుర్రవాడు చివరికి గేటు ఎత్తేవాడు. అలా లేచిన గేటుకు రుసుముతో వెల కడతారా? వెనక సీట్లో అత్తగారు చూస్తుండగా లేచిన గేటు అది!

2021 ఫిబ్రవరిలో ట్యాగ్ తప్పనిసరి అయింది. పైనున్న రీడర్ రేడియో తరంగాలు వదులుతుంది, అద్దం మీది ట్యాగ్ తన నంబరు చెబుతుంది, ఖాతాలో డబ్బు తగ్గుతుంది. ట్యాగ్‌లో బ్యాటరీ కూడా ఉండదు. రీడర్ పంపిన తరంగాల శక్తితోనే అది బదులిస్తుంది. సొంత సత్తా లేకుండా పైవారి బలంతో నెట్టుకొచ్చే విద్య మన అనుచర వర్గానిది. దాన్ని దొంగిలించి మన మీదే ప్రయోగించారు.

2024 ఎన్నికల తర్వాత బండ్ల మీద "పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా" అని రాయించుకునే ముచ్చట రాష్ట్రమంతా పాకింది. రీడర్ దాన్ని చదవదు. 'ప్రెస్' అన్నా చదవదు. బ్యాలెన్సు లేకపోతే మాత్రం తడుముకోకుండా బ్లాక్‌లిస్టు అంటుంది. ఊరి పంచాయతీలు తీర్చిన వంశానికి ఆ మాట! ఆపైన నగదు ఇస్తే రెట్టింపు అన్నారు. 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింబావు వంతు. పరువు నష్టాన్ని పావుకు దించినందుకు కృతజ్ఞతలు.

మినహాయింపులు లేవనడం అన్యాయం. ప్లాజా దగ్గర బోర్డే ఉంటుంది. రాష్ట్రపతి, ప్రధాని, గవర్నరు, ముఖ్యమంత్రి, సొంత రాష్ట్రంలో గుర్తింపు కార్డు చూపించే ఎమ్మెల్యే... ఇలా సాగి సాగి అంబులెన్సు దాకా, శవవాహనం దాకా వస్తుంది. మనబోటివారికి ఆ జాబితాలో మిగిలిన దారులు ఈ చివరి రెండే. ఇంతలో పాలక్యాన్లు కట్టుకున్న మోటారు సైకిలు ఒకటి పక్కనుంచి పైసా కట్టకుండా, ఎవరి తాలూకా కాకుండానే మంగళగిరి వైపు వెళ్లిపోతుంది.

కనుక కేంద్రానికి నా విన్నపం ఒక్కటే. ఆ బోర్డు మీద ఎమ్మెల్యే పక్కనే కొంచెం ఖాళీ ఉంది. అక్కడ 'బావమరిది' అని చేర్చాలి. తోడల్లుళ్ల సంగతి రెండో విడతలో చూడవచ్చు.